కీపరు అడిగిన అనుమతి

అందరికీ నమస్కారం. సంఘం వారు ఫోను చేసి "మీ అడవి గురించి ఒక గంట మాట్లాడండి" అన్నారు. అడవి అనేది చాలా పెద్ద మాట. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో మేమూ, మా మరిది కుటుంబమూ కలిసి కొనుక్కున్నది నాలుగు ఎకరాలు. అందులో ఓక్ చెట్లున్నాయి, హేజెల్ పొదలున్నాయి, కారు దిగబడే బురద బాట ఉంది, తలుపు సరిగా మూసుకోని ఒక పాత షెడ్డు ఉంది. గుంటూరు జిల్లాలో మా నాన్నగారు దీన్ని చూస్తే "ఇందులో ఏం పండుతుందమ్మా?" అని అడిగేవారు. ఏమీ పండదు. అందుకే కొన్నాం.

ఈ రోజు అడవి మొత్తం చెప్పను. ఒక పిట్ట గురించీ, దాన్ని కాల్చడానికి నన్ను అనుమతి అడిగిన ఒక పెద్దమనిషి గురించీ చెబుతాను. నేను ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, పక్షుల పండితురాలిని కాను. తప్పులుంటే చివర్లో అడగండి.

మేము అడవి కొన్న మొదటి ఫిబ్రవరిలో ఒకాయన గేటు దగ్గరికి వచ్చారు. అరవై అయిదేళ్ళుంటాయి. పచ్చ కోటు, బురద బూట్లు, పక్కన నల్ల కుక్క. మా కంచె అవతల ఉన్న పెద్ద ఎస్టేటులో ఆయన గేమ్‌కీపరు. గేమ్‌కీపరు అంటే తెలియని వారికి చెబుతాను. ఇక్కడ డబ్బున్నవారు శీతకాలంలో ఫెజంట్లను, అంటే ఒక రకం అడవికోళ్ళను, వేటాడతారు. ఆ వేటకు పక్షులు కావాలి కదా. వాటిని పెంచి, మేపి, వదిలి, నక్కలూ కాకులూ తినకుండా కాపలా కాసే మనిషి కీపరు. ఈ దేశంలో ఏటా మూడు కోట్లకు పైగా ఫెజంట్లను ఇలా పెంచి వదులుతారు. ఊళ్ళో మనం ఒక కోడిపెట్టను పొదగేస్తేనే గొప్ప అనుకుంటాం.

ఆయన టోపీ తీసి మర్యాదగా అడిగారు. పాత యజమాని ఉన్నప్పుడు మీ అడవిలోకి కూడా వచ్చి మాగ్‌పైలను (నలుపూ తెలుపూ కలిసిన కాకి జాతి పిట్టలు), కాకులను, జేలను కాల్చేవాణ్ణి, మీరూ అనుమతిస్తే అదే కొనసాగిస్తాను అన్నారు. "చిన్న పిట్టలకు మంచిది" అని కూడా అన్నారు. మా వారు వెంటనే సరే అనబోయారు. ఇరుగుపొరుగుతో గొడవ ఎందుకని. నేను "వారం రోజులు ఆగండి, చెబుతాను" అన్నాను. ఆ వారం కాస్తా మూడు నెలలయింది.

జే అంటే ఏమిటో చూడని వారికి చెప్పాలి. ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. మన పాలపిట్టను, దసరా నాడు కనిపిస్తే శుభమని ఊరి బయటకు వెళ్ళి మరీ చూసే పాలపిట్టను, తెలంగాణ రాష్ట్ర పక్షిని, ఒకప్పుడు ఇంగ్లీషువారు మన దేశంలో 'బ్లూ జే' అని పిలిచారు. నీలం కనబడగానే ఇంటి దగ్గరి పిట్ట గుర్తొచ్చి ఉంటుంది. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు. ఇక్కడి జే కాకి కుటుంబంలోది. కాకి కుటుంబంలో ఇంత సొగసైనది మరొకటి ఉందా అనిపిస్తుంది. లేత గులాబీ కలిసిన గోధుమరంగు ఒళ్ళు, ముక్కు పక్కన నల్ల మీసం, ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా మెరుపు. రెక్క మీద ఒక చిన్న ముక్క మాత్రం నీలం. ఆ నీలం మీద సన్నని నల్ల చారలు, మగ్గం మీద నేసినట్టు. చేపలు పట్టేవారు గాలానికి కట్టే దొంగ ఈగల్లో ఆ ఈకలనే వాడతారు. వందేళ్ళ కిందట ఆడవాళ్ళ టోపీల మీదకూ వెళ్ళాయి.

అందం అంతా కళ్ళకే. గొంతు మాత్రం గుడ్డ చించినట్టుంటుంది. వెల్ష్ భాషలో దాని పేరుకు 'అడవి కేక' అని అర్థం. నేను గేటు తీయగానే ఒకటి అరుస్తుంది, దాన్ని విని ఇంకోటి అరుస్తుంది. ఇక ఆ రోజు నాకు జింక కనిపించదు. గుడ్లగూబ గొంతును అనుకరిస్తుంది. చీమల పుట్ట మీద రెక్కలు పరచుకుని కూర్చుని, చీమలు తన ఈకల్లోకి ఆమ్లం చిమ్మేలా చేసుకుంటుంది. ఇది చూసినప్పుడు నాలోని రసాయనశాస్త్రం టీచరు చాలా సంతోషించింది.

సరే, నేరం ఏమిటి? గూళ్ళు దోచుకోవడం. ఇది అభాండం కాదు, నేను కళ్ళారా చూశాను. ఆ మొదటి వసంతంలోనే, అంటే కీపరు గారికి జవాబు చెప్పకుండా నాన్చుతున్న రోజుల్లోనే, మా షెడ్డు వెనక ముళ్ళపొదలో బ్లాక్‌బర్డ్ అనే పాటపిట్ట గూడు పెట్టింది. నాలుగు పిల్లలు. రోజూ ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళి దూరం నుంచి చూసేదాన్ని. ఒక ఉదయం తల్లిపిట్ట పిచ్చిగా అరుస్తోంది. పొదలోంచి జే బయటికొచ్చింది, ముక్కున ఒక పిల్ల. పావుగంటలో మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. నాలుగూ పోయాయి. ఆ క్షణంలో కీపరు గారి నంబరు నా ఫోనులో ఉంటే చేసేసేదాన్నే.

ఇంటికొచ్చి ఆలోచించాను. అది తన పిల్లలకు తీసుకెళ్ళింది. బ్లాక్‌బర్డ్ మాత్రం ఏం చేస్తోంది? వానపాములు లాగుతోంది. ఈ వాదన అందరూ చేస్తారని నాకు తెలుసు. దీనితో తృప్తి పడే మనిషినీ కాను. ప్రకృతి అంతే అనేసి చేతులు దులుపుకోవడం సులువు. కానీ ఈ దేశంలో ప్రకృతి అంటూ విడిగా ఏమీ మిగల్లేదు. ప్రతి పొదా ఎవరో ఒకరు నాటిందో, నరికిందో. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ పిట్టను కాల్చితే ఎవరికి, ఎంత మేలు? చట్టం ఏమంటుంది?

చట్టం దగ్గర మొదలుపెడతాను, అక్కడ కథ బాగుంటుంది.

1566లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, ధాన్యం కాపాడడం కోసమని ఒక చట్టం చేశారు. ఫలానా జంతువు తల తెస్తే చర్చి వారు ఇంత ఇవ్వాలని ధరల పట్టిక. జే తలకు ఒక పెన్నీ. విచిత్రమేమిటంటే కింగ్‌ఫిషర్, అంటే మన లకుముకి పిట్ట తలకూ ఒక పెన్నీయే. లకుముకి ఎవరి ధాన్యం తిన్నదో ఆ చట్టం రాసినవారికే తెలియాలి. ఆ పట్టిక పోయింది గానీ అలవాటు పోలేదు. విక్టోరియా కాలంలో వేట ఎస్టేటులు పెరిగాక కీపర్లు తాము చంపిన జేలను, గద్దలను, ముంగిసలాంటి చిన్న జంతువులైన వీజెల్‌లను కంచె మీద వరసగా వేలాడదీసేవారు. యజమాని వచ్చి చూస్తే పని జరుగుతోందని తెలియాలి కదా. మా ఊళ్ళో కూడా వేరుశనగ చేలో చచ్చిన కాకిని కర్రకు కట్టి వేలాడదీసేవారు. ఆ కాకి మిగతా కాకుల కోసం. ఇక్కడి జే యజమాని కోసం. మొదటి ప్రపంచయుద్ధానికి కీపర్లు కూడా వెళ్ళిపోయారు. చాలామంది తిరిగి రాలేదు. అడవుల్లో జేలు మళ్ళీ పెరగడం అప్పటి నుంచే.

మన దేశం అమాయకమని అనుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అయిదో షెడ్యూలు అని ఒకటుండేది. చీడగా లెక్కకట్టిన జీవుల జాబితా. అందులో ఎలుకలు, పండ్లు తినే గబ్బిలాలతో పాటు మన కాకి కూడా ఉంది. తద్దినం నాడు పిండం ముట్టాలని కాకి కోసం ఎదురుచూసిన చేతులతోనే దాన్ని ఆ జాబితాలో రాశాం. 2022 సవరణతో ఆ షెడ్యూలు ఎత్తేశారు.

ఇక్కడికి వద్దాం. 1981లో వచ్చిన చట్టం ప్రకారం బ్రిటన్‌లో అడవి పక్షులన్నిటికీ రక్షణ ఉంది. జేకు కూడా. ఇది చాలామందికి తెలియదు. "జే చీడ కదా, ఎవరైనా కాల్చవచ్చు కదా" అంటారు. కాల్చకూడదు. సాధారణ లైసెన్సు అని ఒకటుంటుంది, ఆ మినహాయింపు కింద మాత్రమే కాల్చవచ్చు. దానికి దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు, ఎవరూ సంతకం పెట్టరు. షరతులు చదువుకుని పాటిస్తే చాలు. చదువుకునేవారు ఎందరు అనేది వేరే విషయం. ముప్పై ఏళ్ళు పిల్లలకు పరీక్షలు పెట్టాను, ప్రశ్నపత్రం పైన రాసిన సూచనలు ఎవరు చదువుతారో నాకు బాగా తెలుసు. (నవ్వులు)

2019లో ఈ లైసెన్సుల మీద పెద్ద రచ్చ జరిగింది. క్రిస్ ప్యాకమ్ అని టీవీలో ప్రకృతి కార్యక్రమాలు చేసే ఆయన, మార్క్ ఎవరీ, రూత్ టింగే అనే మరో ఇద్దరు కలిసి 'వైల్డ్ జస్టిస్' అనే సంస్థ పెట్టారు. లైసెన్సులు ఇస్తున్న పద్ధతి చట్టబద్ధంగా లేదని సవాలు చేశారు. ఏప్రిల్‌లో నేచురల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ మూడు లైసెన్సులను ఉన్నపళంగా రద్దు చేసింది. సరిగ్గా గూళ్ళ కాలంలో, గొర్రెలు ఈనే కాలంలో. రైతులకు మండింది. హాంప్‌షైర్‌లోనే ఉన్న ప్యాకమ్ ఇంటి గేటుకు ఎవరో చచ్చిన కాకులను వేలాడదీశారు. నాలుగున్నర శతాబ్దాల తర్వాత కూడా అదే భాష. కొన్ని వారాల్లో ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఇచ్చింది, 2021 నుంచి మళ్ళీ మార్చి రాసింది.

ఆ 2021 లైసెన్సులను నేను ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను. పంటలకూ పశువులకూ నష్టం జరగకుండా కాల్చడానికి ఒక లైసెన్సు. అందులో కాకి ఉంది, మాగ్‌పై ఉంది, అడవి పావురం ఉంది. జే లేదు. అడవి పక్షుల సంరక్షణ కోసం ఇంకో లైసెన్సు. అందులో జే ఉంది. కాని దేనికోసం? కొరత పడిపోయిన పక్షుల జాబితాలో ఎరుపు, కాషాయం రంగుల్లో ఉన్న జాతుల కోసం. అదీ, కాల్చకుండా ఆపే మార్గాలు చూసిన తర్వాత. ఆ మాటల అర్థం విప్పితే ఇది తేలుతుంది. జే చీడ కాబట్టి కాల్చాను అంటే చెల్లదు. నా ఫెజంట్ పిల్లలను ఎత్తుకుపోతోంది కాబట్టి కాల్చాను అన్నా చెల్లదు. ఫలానా కరువైన పిట్ట ఇక్కడ గూడు పెట్టింది, జే దాన్ని తినేస్తోంది, మిగతా ఉపాయాలు పనిచేయలేదు అంటేనే చెల్లుతుంది. పైగా ఆ భూమి యజమాని అనుమతి ఉండాలి. అదే కీపరు గారు టోపీ తీసి అడిగినది. అంటే నిర్ణయం నా మీదే పడింది.

ఇప్పుడు రెండో ప్రశ్న, మేలు జరుగుతుందా అనేది. ఇక్కడ రెండు పక్షాలూ తమకు కావలసిన పరిశోధననే చూపిస్తాయి. నేను రెండు పక్కలా చదివాను. సాలిస్‌బరీ ప్లెయిన్ అనే బయలు మైదానంలో 1980లలో ఒక ప్రయోగం జరిగింది. నక్కలు, కాకులు, మాగ్‌పైలను వసంతంలో అదుపు చేస్తే బూడిదరంగు కౌజుపిట్టలు బాగా పెరిగాయి. ఉత్తరాన ఆటర్‌బర్న్‌లో 2000 నుంచి 2008 దాకా కొండ బీళ్ళ మీద ఇలాంటిదే మరొకటి చేశారు. నక్కలను, కాకులను తగ్గించిన చోట కర్లూ, ల్యాప్‌వింగ్ లాంటి పక్షుల పిల్లలు దక్కడం మూడింతలయింది. కీపర్ల వాదనలో పస లేదనేవారు వీటిని చదవరు. నేల మీద గూడు పెట్టే పిట్టకు, బయలు నేలలో, కాపలా పనిచేస్తుంది.

కాని గమనించండి, ఆ రెండు చోట్లా ఉన్నది నక్క, కాకి. జే అడవి పిట్ట, బయలులోకి రావడానికే జంకుతుంది. 2015లో వెలువడిన ఒక సమీక్షలో కాకి జాతి పక్షుల ప్రభావం మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన 42 అధ్యయనాలను పోగేశారు. 326 సందర్భాలు లెక్కకొచ్చాయి. అందులో 81 శాతం సందర్భాల్లో అవి తినే పక్షుల మీద గుర్తించదగిన ప్రభావమే కనిపించలేదు. ప్రభావం ఉన్న చోట కూడా గుడ్లూ పిల్లలూ తగ్గడం ఎక్కువ, మొత్తం సంఖ్య తగ్గడం తక్కువ. నా బ్లాక్‌బర్డ్ సంగతి అదే. ఆ గూడు పోయిన మూడు వారాలకు అదే జంట ఇంకాస్త లోపల మళ్ళీ పెట్టింది. అందులోంచి ముగ్గురు ఎగిరారు. ఏడాదికి రెండు మూడు ఈతలు వేసే పిట్ట ఇలాంటి నష్టాన్ని లెక్కలో వేసుకునే బతుకుతుంది.

జే పక్షాన ఇంకో లెక్క ఉంది. దీని మీద నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుగనిపిస్తే ఓర్చుకోండి.

ఓక్ గింజను చూశారు కదా. ఏకోర్న్ అంటారు. ఇప్పకాయంత ఉంటుంది. బరువు. గాలికి ఎగరదు. పళ్ళలాగా తీపి గుజ్జు లేదు. చెట్టు కిందే రాలుతుంది, తల్లి నీడలో మొలిచి, వెలుతురు చాలక చచ్చిపోతుంది. మరి ఈ చెట్టు దేశమంతా ఎలా నిండింది? 1899లో క్లెమెంట్ రీడ్ అనే శాస్త్రవేత్త ఇదే ప్రశ్న వేసుకున్నాడు. హిమయుగంలో మంచు ఓక్‌ను దక్షిణానికి తరిమేసింది. తిరిగి ఉత్తర బ్రిటన్ చేరాలంటే ఆరువందల మైళ్ళు నడవాలి. ఎవరి సాయమూ లేకుండా గింజ రాలినంత దూరమే జరుగుతూ పోతే పది లక్షల ఏళ్ళు పడుతుందని లెక్క వేశాడు. మంచు వెళ్ళిపోయి పన్నెండు వేల ఏళ్ళు కూడా కాలేదు. అంటే ఎవరో మోశారు.

మోసినవారిలో పెద్ద కూలీ జే. దాని శాస్త్రీయ నామంలోనే ఉంది, గ్లాండారియస్ అని, ఓక్ గింజలది అని. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్కో జే వేల గింజలు దాచుకుంటుంది. అయిదు వేల దాకా దాస్తుందని అంటారు. గొంతు సంచిలో కొన్ని కుక్కుకుని, ఒకటి ముక్కున పట్టుకుని, వందల మీటర్లు, ఒక్కోసారి కిలోమీటర్లు ఎగురుతుంది. దిగాక ఒక్కొక్క గింజనూ విడివిడిగా నేలలోకి గుచ్చి, పైన ఆకు కప్పుతుంది. ఎక్కడ పడితే అక్కడ కాదు. పచ్చిక అంచు, ముళ్ళపొద మొదలు, గుర్తుపట్టడానికి వీలైన చోటు. పొగాకు నారు పోసిన చేతులు చూసిన కుటుంబం నాది. ఇంత ఓపికగా నాటే చేతులు నేను చాలా తక్కువ చూశాను, దీనికి చేతులు కూడా లేవు.

ఇంకా ముచ్చటైనది వేసవిలో జరుగుతుంది. 1970లలో హాలండ్‌లో బోసెమా అనే పరిశోధకుడు దీన్ని వివరంగా చూశాడు. మే, జూన్‌లలో మొలకలు పైకి వచ్చినప్పుడు జే ఆ మొలకను ముక్కున పట్టి మెల్లగా పైకి లాగుతుంది. కింద ఇంకా గింజ పప్పులు అంటుకుని ఉంటాయి. వాటిని తెంపుకుని పిల్లలకు పెడుతుంది. మొలకను అక్కడే వదిలేస్తుంది. అప్పటికే తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది కాబట్టి మొలక చాలాసార్లు బతుకుతుంది. విత్తనం అప్పిచ్చి, మొలిచాక వడ్డీ మాత్రం తీసుకుని వెళ్ళినట్టు. ఇలాంటి వడ్డీ వ్యాపారి మా జిల్లాలో ఒక్కడూ లేడు. (నవ్వులు)

కేంబ్రిడ్జిషైర్‌లో మంక్స్ వుడ్ అని పాత అడవి ఉంది. దాని పక్కన నాలుగు హెక్టార్ల బార్లీ పొలాన్ని 1961లో ఖాళీగా వదిలేశారు. 1996లో పక్కనే ఇంకో రెండు హెక్టార్ల గడ్డి నేలను వదిలేశారు. ఏమీ నాటలేదు, కంచె కట్టలేదు. 2021లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. రెండూ ఇప్పుడు అడవులు. అక్కడి చెట్లలో సగానికి పైగా ఓక్‌లే, వాటిని నాటినది ప్రధానంగా జేలు. ముందు ముళ్ళపొదలు వచ్చాయి, వాటి మధ్య జింకలు మేయలేని చోట జే నాటిన గింజలు లేచాయి. ముళ్ళచెట్టు ఓక్‌కు తల్లి అని ఇక్కడి పాత అటవీ కూలీల సామెత. ఇటు పక్కన మనం మొక్కకు ప్లాస్టిక్ గొట్టం తొడిగి, కర్ర పాతి, ఎండాకాలంలో నీళ్ళు పోసి, మూడేళ్ళకు చచ్చిన మొక్కలు లెక్కపెట్టుకుంటున్నాం. నేను స్వయంగా అరవై గొట్టాలు పెట్టాను. ఇరవై రెండు మొక్కలు బతికాయి. జే నాటినవి లెక్కపెట్టడం మానేశాను.

1983 శరత్కాలంలో ఐరోపా ప్రధాన భూభాగంలోనూ ఇక్కడా ఓక్ కాపు పోయింది. దక్షిణ ఇంగ్లండ్ తీరానికి వందల కొద్దీ జేలు గుంపులుగా వచ్చాయి. ఒంటరిగా బతికే పిట్టలు. ఓక్‌కు జే ఎంత అవసరమో జేకు ఓక్ అంతే అవసరమని ఆ ఏడు తీరం వెంట నిలబడి చూసినవారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇదంతా చదివాక కీపరు గారికి జవాబు చెప్పాను. మే నెలలో. గేటు దగ్గరే. జేలను కాల్చడానికి అనుమతి లేదని చెప్పాను. బూడిదరంగు ఉడుతలను మాత్రం, అవి అమెరికా నుంచి తెచ్చి వదిలినవి, మా హేజెల్ బెరడు ఒలిచేస్తున్నాయి కాబట్టి, మీరు పట్టుకోవచ్చు అన్నాను. ఆయన నన్ను కాసేపు చూశారు. "మీరు లైసెన్సు చదివారా?" అన్నారు. చదివానన్నాను. "మంచిది, నా యజమాని చదవలేదు" అన్నారు. కోపం లేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. నక్క ఏ దారిన వస్తుందో, ఏ పొదలో ఎవరు గూడు పెడతారో నాకు చూపించినది ఆయనే. పట్నం నుంచి వచ్చి కీపర్లందరూ హంతకులని రాసేవారికి ఒక్క ఉదయం ఆయనతో నడవమని చెబుతాను.

అప్పుడు ఆయన ఒక మాట అడిగారు. "మీ అడవిలో ఫ్లైక్యాచర్ గూడు పెడితే ఏం చేస్తారు?"

స్పాటెడ్ ఫ్లైక్యాచర్ అంటే పిడికిలంత బూడిదరంగు పిట్ట. నేను ఈగల పిట్ట అంటాను. కొమ్మ మీద నిటారుగా కూర్చుని, ఎగిరే ఈగను గాలిలోనే టపుక్కున పట్టి, మళ్ళీ అదే కొమ్మ మీదికి వస్తుంది. ఆఫ్రికా నుంచి మే నెలలో వస్తుంది. 1960ల నుంచి ఈ దేశంలో పదింట ఎనిమిది వంతులకు పైగా తగ్గిపోయింది. ఎర్ర జాబితాలో ఉంది. కీపరు గారి ప్రశ్న ఎంత గట్టిదో మీకు తెలియాలంటే ఇంకో సంగతి చెప్పాలి. దక్షిణ ఇంగ్లండ్‌లో ఈ పిట్ట గూళ్ళ దగ్గర కెమెరాలు పెట్టి చూసిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. గూడు దోచినవారిలో అందరికంటే ఎక్కువసార్లు కెమెరాకు చిక్కినది పిల్లి కాదు, ఉడుత కాదు. జే.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత ఈగల పిట్ట నిజంగానే వచ్చింది. మా షెడ్డు గోడ మీద ఐవీ తీగలో, తలుపుకు మూడడుగుల ఎత్తున గూడు. నాలుగు గుడ్లు. చట్టం ఇప్పుడు కీపరు గారి వైపు ఉంది. ఎర్ర జాబితా జాతి, కళ్ళ ముందు గూడు, చుట్టూ జేలు. ఆయనకు ఒక్క ఫోను చాలు. మా వారు కూడా "ఇప్పుడేమంటావు?" అన్నట్టు చూశారు.

ఆ లైసెన్సు ముందు వేరే ఉపాయం చూడమంటుంది కదా. నేను అదే పట్టుకున్నాను. మా నాన్నగారు జొన్న చేలో మంచె మీద కూర్చుని వడిసెలతో రాయి విసిరేవారు. పిట్టకు తగలాలని కాదు, లేవాలని. సాయంత్రం దాకా అదే పని. చంపడానికి నాటు తుపాకీ ఉన్న రైతు పక్క పొలంలోనే ఉండేవాడు. అతని జొన్న మా జొన్న కంటే ఎక్కువ పండిందని నాకు గుర్తులేదు. నేను మంచె మీద కూర్చోలేను, మోకాళ్ళు ఒప్పుకోవు. కోళ్ళగూటికి వాడే తీగ వల కొన్నాను. ఈగల పిట్ట దూరగలిగి, జే తల కూడా పట్టని కన్నాలున్నది చూసుకుని, గూడు చుట్టూ గోడకు పంజరంలా బిగించాను. పొదిగే పిట్ట భయపడి గూడు వదిలేస్తుందేమోనని రెండు రోజులు నిద్ర పట్టలేదు. వదల్లేదు. ఇరవై నిమిషాల్లో వల కన్నం గుండా దూరి గుడ్ల మీద కూర్చుంది.

మీరు ఇప్పుడు అన్నీ బాగా జరిగాయని చెబుతానని అనుకుంటారు. మొదటి ఈతలో నాలుగు గుడ్లు పొదిగాయి. పిల్లలు వచ్చిన ఆరో రోజు రాత్రి గూడు ఖాళీ. వల చెక్కుచెదరలేదు. వీజెల్ కావచ్చు, ఎలుక కావచ్చు, జే మాత్రం కాదు. రెండో ఈత అదే జంట పక్క గోడ మీద పెట్టింది. ఈసారి వల కింద భాగం కూడా మూశాను. జూలై చివర్లో ఇద్దరు ఎగిరారు. ఆ రోజుల్లో జే రెండుసార్లు వల మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి చూసి, వెళ్ళిపోయింది. వల కట్టకపోతే నా పిట్ట పోయేదే. ఆ విషయంలో కీపరు గారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం.

ప్రశ్నలకు సమయం ఉందంటున్నారు. వెనక వరసలో అమ్మాయి చేయి ఎత్తింది. చెప్పమ్మా.

వల పనిచేయకపోతే కాల్చమంటారా అని అడుగుతోంది. ఆంటీ సమాధానం తప్పించుకోకూడదు కదా. వరసగా రెండేళ్ళు వల కట్టి, రెండేళ్ళూ అదే జే ఆ గూటినే తింటే, చుట్టుపక్కల మైళ్ళలో ఇంకో ఈగల పిట్ట గూడు లేకపోతే, అప్పుడు ఆయనను పిలుస్తాను. ఒక్క జేను. ఆ గూటి దగ్గర తిరుగుతున్నదాన్ని. అడవంతా తిరిగి కనబడిన ప్రతిదాన్నీ కాదు. పిలిచిన రోజు నేను కూడా అక్కడ నిలబడతాను, ఇంట్లో కూర్చుని టీ తాగను.

ఇంకొకరు... ఆ, మీరండి. కీపరు గారు ఇప్పుడు ఎలా ఉన్నారని. రిటైరయ్యారు. ఆయన స్థానంలో వచ్చిన కుర్రాడు ఇంకా నా గేటు దగ్గరికి రాలేదు. పోయిన అక్టోబరులో పెద్దాయనే ఒకసారి వచ్చారు. వారు ఫెజంట్లను పెంచే పాత దొడ్డిని ఇప్పుడు వాడడం లేదట. అందులో ముళ్ళపొదల మధ్య ఓక్ మొలకలు గుంపుగా లేచాయట. చుట్టూ ఎత్తయిన వల ఉంది కదా, జింకలు రాలేదు. "మీ వాళ్ళే నాటారు" అన్నారు. ఎన్ని ఉన్నాయని అడిగాను. వంద దాకా లెక్కపెట్టి ఆపేశానన్నారు. వచ్చే నెల వెళ్ళి చూడాలి. మీలో ఎవరైనా వస్తానంటే బూట్లు తెచ్చుకోండి, బురద చాలా ఉంటుంది.